స్ఫింక్టర్ పెట్టించుకున్నాక కూడా బాత్రూంకి పరుగులేనా? అతిచురుకు మూత్రాశయాన్ని దారిలో పెట్టే పద్ధతి, మొదటి నుంచి

మా నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మూత్రం నిలవక, రోజుకి నాలుగైదు ప్యాడ్లు మార్చుకుంటూ ఏడాదిన్నర ఈడ్చి, చివరికి కృత్రిమ స్ఫింక్టర్ (మూత్రం కారకుండా నాళాన్ని మూసి ఉంచే పరికరం) పెట్టించుకున్నారు. తర్వాత రెండేళ్లు హాయిగా గడిచింది. కూర్మన్నపాలెంలో బస్సెక్కితే జగదాంబ దాకా ఎక్కడా దిగకుండా వెళ్లి వచ్చేవారు. మూడో ఏడు ఎండాకాలంలో మళ్లీ మొదలైంది. ఎన్‌ఏడీ రాకముందే దిగిపోదాం అనడం, ఇంటి తాళం తీస్తుండగానే పంచె తడిసిపోవడం, రాత్రి నాలుగుసార్లు లేవడం. "మిషను పోయిందేటిరా?" అని ఒకటే దిగులు.

నాకూ అదే అనుమానం. యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆయన మిషను సంగతి ఎత్తనే లేదు, ఒక్క ప్రశ్న వేశారు: "పెద్దాయనా, దగ్గినప్పుడు కారుతోందా, బాత్రూంకి పరిగెత్తేటప్పుడు కారుతోందా?" ఆ ప్రశ్నకి జవాబు మీద మిగతా వైద్యమంతా ఆధారపడి ఉంటుందని మాకు అప్పుడు తెలీదు. పరిగెత్తేటప్పుడే అన్నారు నాన్న. మిషను బాగానే పని చేస్తోంది, సంచీయే (మూత్రాశయమే) అదుపు తప్పింది.

నేను డాక్టర్ని కాను, ఆరేళ్లుగా ఒక పేషెంటుకి తోడు తిరిగిన కొడుకుని. మాకు తెలిసింది ఒక వరసలో పెడుతున్నాను. మందుల డోసులు, ఇంజెక్షన్లు మీ యూరాలజిస్టు నిర్ణయించాల్సినవే. మీరు ఇంట్లో చేసుకోగలిగినవి, అడగాల్సినవి, అడ్డుకోవాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి.

ముందు మీ లోపల ఉన్నదేంటో తెలుసుకోండి

నవ్వకండి. "ఏదో వాల్వు పెట్టారు" అనేవాళ్లే ఎక్కువ. డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి, మోడల్ పేరు, పెట్టిన తేదీ అందులో ఉంటాయి.

కృత్రిమ స్ఫింక్టర్ అంటే మూడు ముక్కలు. మూత్రనాళం చుట్టూ పట్టీలా ఉండే కఫ్, పొత్తికడుపులో ఉండే చిన్న బెలూను, వృషణాల సంచిలో చేతికి తగిలే పంపు. అన్నిటిలోనూ నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. పంపు నొక్కితే కఫ్‌లోని ద్రవం బెలూనులోకి పోయి నాళం తెరుచుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో అదే తిరిగి నిండి మూసుకుంటుంది. ఇలాంటి పరికరాన్ని మనిషికి మొదట అమర్చింది 1972లో, ఇప్పుడు ఎక్కువగా వాడే ఏఎంఎస్ 800 మోడల్ వచ్చింది 1983లో. అంటే కొత్త వింతేం కాదు, దీని గుణాలూ దోషాలూ డాక్టర్లకి బాగా తెలుసు.

రెండోది స్లింగ్. మూత్రనాళం కింద ఊయలలా పెట్టే జాలీ పట్టీ, ఆడవాళ్లకి ఎక్కువగా వేస్తారు, మగవాళ్లకీ ఉంది. మూడోది మన విశాఖలో ప్రతి వీధిలో ఒకరికైనా వేసి ఉండే డీజే స్టెంట్, కిడ్నీ రాళ్ల ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టే సన్నని గొట్టం. స్టెంట్, స్లింగ్ సంగతి చివర్లో విడిగా చెప్తాను. ముందు స్ఫింక్టర్, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

కారడం ఎలాంటిదో తేల్చుకోండి

అతిచురుకు మూత్రాశయం అంటే సంచి నిండకముందే, మన ప్రమేయం లేకుండా దాని కండరం బిగుసుకోవడం. ఉన్నట్టుండి తోసుకొస్తుంది, ఆగమంటే ఆగదు, తోపు అంటున్నది దీన్నే. కఫ్ ఆపగలిగే ఒత్తిడికి ఒక హద్దు ఉంది. చాలామందికి పెట్టే బెలూను 61 నుంచి 70 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఇస్తుంది. సంచి అంతకంటే గట్టిగా బిగుసుకుంటే కఫ్‌ని దాటుకుని మూత్రం బయటికొస్తుంది. పైన ట్యాంకులో మోటారు పిచ్చెత్తినట్టు తిరుగుతుంటే కింద గేట్‌వాల్వు ఎంత మంచిదైనా జాయింట్ల దగ్గర చిమ్ముతుంది కదా, అలా అన్నమాట. అప్పుడు వాల్వు మార్పించడం దండగ.

దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు, కుర్చీలోంచి లేచినప్పుడు ముందుగా తోపు ఏమీ లేకుండా కారితే కఫ్ వదులైందేమో, ద్రవం లీకైందేమో చూడాలి. పంపు నొక్కితే మెత్తగా సొట్టపడిపోయి తిరిగి ఉబ్బకపోవడం దానికి ఒక గుర్తు. ముందు గట్టి తోపు వచ్చి, పరిగెత్తేలోపు కారితే అది సంచి గొడవ. ఎప్పుడూ బొట్లుబొట్లుగా పడుతూ, పొత్తికడుపు బరువుగా, ఉబ్బినట్టు ఉంటే సంచి ఖాళీ కావడం లేదని అనుమానించాలి, ఈ మూడోదానికి అతిచురుకు మందులు వేస్తే ఇంకా చెడుతుంది. రెండు రకాలు కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కి ముందు నుంచే తోపు ఉన్నవాళ్లకి, రేడియేషన్ తీసుకున్నవాళ్లకి స్ఫింక్టర్ పెట్టాక కూడా అది మిగిలిపోవడం మామూలే. ఆపరేషన్‌కి ముందే డాక్టరు చెప్పి ఉంటారు, ప్యాడ్లు పోతాయన్న సంతోషంలో మనం విని ఉండం.

ఇవి కనిపిస్తే ఇంకేమీ చదవకుండా ఆసుపత్రికి వెళ్లండి

పంపు ఉన్న చోట ఎర్రబడటం, వాపు, నొప్పి, చర్మం పలచబడి లోపలి పరికరం కనిపిస్తున్నట్టు ఉండటం. చలిజ్వరం. మూత్రంలో రక్తం. పంపు నొక్కినా చుక్క రాకపోవడం. రెండేళ్లు బాగుండి వారంలో తలకిందులు కావడం కూడా ఈ కోవలోదే. కఫ్ మూత్రనాళాన్ని లోపలికి కోసుకుపోతే దాన్ని ఎరోజన్ అంటారు, అది మొదట్లో అచ్చం అతిచురుకులాగే, మంటతో, మాటిమాటికీ రావడంతో మొదలవుతుంది. దానికి మాత్రలతో కాలం గడిపితే పరికరం మొత్తం తీసేయాల్సి రావచ్చు. అందుకే "వయసైపోయింది, మామూలే" అనే మాట ఎవరన్నా పట్టించుకోకండి.

మూడు రోజుల డైరీ

దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, మేమూ తీసుకోలేదు. తర్వాత చూస్తే మాకు సగం జబ్బు నయం చేసింది ఇదే.

కిరాణా కొట్లో దొరికే కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టండి. మూడు రోజులు, ఇరవై నాలుగు గంటలూ, ఎన్ని గంటలకి వెళ్లారు, ఎన్ని మిల్లీలీటర్లు, తోపు ఎంత గట్టిది, కారిందా, ఏం తాగారు, ఎంత తాగారు, అన్నీ రాయాలి. నాన్న స్టీల్‌ప్లాంటులో షిఫ్టు రిజిస్టర్లు రాసిన మనిషి, అలవాటైన పని కాబట్టి గీతలు గీసి మరీ రాశారు. డాక్టరుగారు ఆ కాగితం చూసి రెండు విషయాలు అక్కడికక్కడే పట్టుకున్నారు.

ఒకటి, పగలు ఒక్కోసారి వచ్చేది నూట ఇరవై, నూట యాభై మిల్లీలీటర్లే. పెద్దవాళ్ల సంచి మామూలుగా మూడు వందల నుంచి ఐదు వందలు పట్టాలి. రెండు, రోజు మొత్తం మూత్రంలో దగ్గర దగ్గర సగం రాత్రే వస్తోంది. పెద్దవాళ్లకి మూడో వంతు దాటి రాత్రి వస్తే అది సంచి తప్పు కాదు, రాత్రి ఎక్కువ తయారవుతోందని అర్థం. నాన్న కాళ్లు సాయంత్రానికి వాచేవి, బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నారు, ఆ మందుతో కొందరికి కాళ్ల వాపు వస్తుంది. పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకి తిరిగొచ్చి మూత్రమైపోతుంది. దానికి తోడు తొమ్మిదింటికి పెద్ద గ్లాసుడు పాలు. బీపీ డాక్టరు మందు మార్చారు, సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టుకోమన్నారు, పాలు ఆరింటికి జరిగాయి. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి రెండుకి దిగారు, అతిచురుకు మాత్ర ఒక్కటీ వేయకుండానే.

మీ డైరీలో రోజుకి మూడు లీటర్లు దాటి వస్తుంటే మొదట షుగరు చూపించుకోండి. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లకి అవే మూత్రం ఎక్కువ చేస్తాయి. నీరు తీసే మాత్ర రాత్రి వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి.

పంపు నిజంగా పూర్తిగా నొక్కుతున్నారా?

ఇది మాత్రం ఏ చీటీలోనూ రాసి ఉండదు. వయసు మీద పడేకొద్దీ వేళ్లలో బలం తగ్గుతుంది, ధార సన్నబడుతుంది. పంపు ఒకటీ రెండుసార్లు నొక్కి, వచ్చినంత పోసి, కఫ్ మూసుకోగానే అయిపోయిందనుకుని లేచేస్తారు. లోపల ఇంకో వంద మిల్లీలీటర్లు అలాగే ఉంటుంది. అరగంటకి మళ్లీ తోపు. ఇది అతిచురుకు కాదు, సగం ఖాళీ.

పంపు మెత్తగా చదునయ్యే దాకా నొక్కాలి, చాలామందికి రెండు నుంచి నాలుగు నొక్కులు పడుతుంది. హడావిడి లేకుండా కూర్చుని పోయాలి, మగవాళ్లైనా సరే. ధార ఆగాక ఒక నిమిషం ఆగి, మళ్లీ నొక్కి, ఇంకోసారి ప్రయత్నించాలి. నాన్నకి రెండో విడతలో కాఫీ కప్పుడు వచ్చేది. ఇంకో మాట, తోపు వచ్చిన ప్రతిసారీ భయపడి పంపు నొక్కి చూడటం మానేయాలి. నొక్కితే కఫ్ తెరుచుకుంటుంది, తెరుచుకున్న రెండు మూడు నిమిషాలూ అడ్డుకునేది ఏమీ ఉండదు. బాత్రూం తలుపు బయట నిలబడి నొక్కేసుకుని లోపలికి చేరేలోపు తడుపుకున్న రోజులు మాకున్నాయి.

పరీక్షలు

యూరిన్ రొటీన్, కల్చర్ తప్పనిసరి. ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాకే ఇది అతిచురుకా కాదా అని మాట్లాడుకోవాలి. షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. కిడ్నీలకి, మూత్రాశయానికి అల్ట్రాసౌండ్, అందులో మూత్రం పోసి వచ్చాక ఎంత మిగిలిందో కొలవమని గట్టిగా చెప్పండి. కొన్ని స్కానింగ్ సెంటర్లలో సంచి నిండుగా ఉన్నప్పుడు ఒక్కసారి చూసి పంపించేస్తారు, మాకు రెండుసార్లు అలాగే అయింది. బెలూనులో ద్రవం ఉందో లేదో కూడా అదే స్కాన్‌లో చూడొచ్చు, అక్కడ బెలూను ఉందని రేడియాలజిస్టుకి ముందే చెప్తే దాన్ని చూసి గడ్డో తిత్తో అనుకోకుండా ఉంటారు.

అవసరమైతే డాక్టరు సిస్టోస్కోపీ (నాళంలోంచి సన్న కెమెరా గొట్టం పంపి చూడటం) చేస్తారు, కఫ్ కోసుకుపోయిందా, మూత్రాశయం మెడ దగ్గర సన్నబడిందా, రాళ్లున్నాయా, రేడియేషన్ పుండ్లున్నాయా చూడటానికి. యూరోడైనమిక్ పరీక్షలో సంచి ఎంత ఒత్తిడికి బిగుసుకుంటోందో తెలుస్తుంది. ఈ రెండింటికీ గొట్టం నాళంలోంచే పోవాలి కాబట్టి కఫ్ తెరిచి, లాక్ చేశాకే (మళ్లీ మూసుకోకుండా ఆపాకే) చేయాలి. స్ఫింక్టర్ కేసులు చూసిన యూరాలజిస్టు దగ్గరే చేయించుకోండి. కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లినా, ప్రైవేటుకి వెళ్లినా ఓపీలో మొదట అడగాల్సింది ఇదే: ఇక్కడ ఈ పరికరం లాక్ చేయడం వచ్చినవాళ్లున్నారా?

మాత్రకి ముందు ఆరు వారాల అలవాట్లు

నీళ్లు మానేయడం అందరూ చేసే మొదటి తప్పు. మన ఊరి ఉక్కపోతలో చెమటకే సగం పోతుంది, దాని మీద నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా గీరుతుంది, రాళ్లు పడతాయి, మలబద్ధకం వస్తుంది. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లకి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలం కాస్త ఎక్కువ, అదీ పగలంతా కొంచెం కొంచెంగా. రాత్రి ఏడు తర్వాత గొంతు తడుపుకోవడానికే. టీ, కాఫీ రోజుకి ఒకటికి తగ్గించి వారం చూడండి. నాన్న నాలుగు టీల నుంచి ఒకటికి దిగడానికి పడిన బాధ ఆపరేషన్‌కి కూడా పడలేదు. మజ్జిగ ఫర్వాలేదు. పుచ్చకాయ రాత్రి భోజనం తర్వాత తినేవాళ్లు మాత్రం ఎవరినీ తప్పు పట్టకూడదు.

ఇక సమయం పెట్టుకుని వెళ్లడం. డైరీలో మీరు తేలిగ్గా ఆపుకోగలిగే వ్యవధి గంటైతే, తోపు వచ్చినా రాకపోయినా గంటకోసారి వెళ్లండి. వారం నిలబడితే పావుగంట పెంచండి. అలా రెండున్నర, మూడు గంటలకి చేరడం లక్ష్యం. మధ్యలో తోపు వస్తే పరిగెత్తకూడదు, ఇది చెప్పినంత తేలిక కాదు. ఉన్నచోటే ఆగి, వీలైతే కూర్చుని, మలద్వారం దగ్గరి కండరాన్ని ఐదారుసార్లు చకచకా బిగించి వదిలి, ఏదైనా లెక్కపెట్టుకోండి. తోపు అలలాంటిది, పైకి లేచి దానంతటదే విరుగుతుంది, విరిగాక నడిచి వెళ్లండి. నాన్న ఎక్కాలు చదువుకునేవారు, పదమూడో ఎక్కం దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవారు, ఆ తడబాటులో తోపు తగ్గిపోయేది.

మలబద్ధకం ఉంటే అది తీరకుండా ఏదీ పని చేయదు. పొట్ట తగ్గించుకోవాలి. సైకిల్ సీటు మీద ఎక్కువసేపు కూర్చోవడం కఫ్ ఉన్నవాళ్లకి మంచిది కాదు, కఫ్ ఉండేది సరిగ్గా ఆ చోటే. నడక మంచిదే. సింహాచలం గిరిప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ చేస్తానని నాన్న పట్టుబడితే, డాక్టరుగారు "చేయండి, గంటకోసారి ఆగండి, తడి బట్టతో నడవకండి" అన్నారు. తడిగుడ్డ రాసుకుని పంపు దగ్గర చర్మం చిట్లితే అదో పెద్ద తలనొప్పి.

మాత్రలు

రెండు రకాలు. సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, డారిఫెనాసిన్, ఆక్సీబ్యూటినిన్ లాంటివి ఒక రకం. ఇవి సంచి కండరాన్ని బిగుసుకోమనే సంకేతాన్ని అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం మామూలు ఇబ్బందులు. నోరు ఎండుతోందని ఇంకా నీళ్లు తాగి, మళ్లీ బాత్రూంకి పరిగెత్తేవాళ్లున్నారు. ఒక రకం గ్లాకోమా ఉన్నవాళ్లు వాడకూడదు, కంటి డాక్టర్ని అడగాలి. పెద్దవాళ్లలో మతిమరుపు, అయోమయం పెంచవచ్చు. వీటిలో ఆక్సీబ్యూటినిన్‌తో ఆ భయం ఎక్కువ, మా మేనత్త అది వేసుకున్న రెండో వారంలో పొద్దున్న సాయంత్రం తేడా తెలీక మాట్లాడితే ఇంట్లో అందరం హడలిపోయాం, ఆపగానే తేరుకుంది. ఇప్పటికే అలర్జీకో నిద్రకో మాత్రలు వేసుకుంటుంటే అన్నీ కలిపి ఆ ప్రభావం పెరుగుతుంది, మొత్తం చీటీలు చూపించండి.

రెండోది మిరాబెగ్రాన్, ఇరవై ఐదు, యాభై మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఇది సంచిని సడలించి ఎక్కువ పట్టేలా చేస్తుంది, నోరు ఎండదు, మతి మీద ఆ ప్రభావం ఉండదు, అందుకే పెద్దవాళ్లకి చాలామంది డాక్టర్లు ముందు ఇదే రాస్తున్నారు. బీపీ పెంచవచ్చు. పై బీపీ 180 గానీ, కింది బీపీ 110 గానీ దాటి అదుపులో లేనివాళ్లకి ఇవ్వరు. గుండెకి మెటోప్రొలాల్ వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, రెండూ కలిస్తే మెటోప్రొలాల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నాన్నకి ఇదే ఇచ్చారు. మొదటి పది రోజులు ఏ తేడా లేదు, "డబ్బులు దండగ" అన్నారు. నెల తిరిగేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని తోపులకి వచ్చింది. ఏ మాత్రైనా నాలుగు నుంచి ఎనిమిది వారాలు చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఒకటి సరిపోకపోతే రెండు రకాలూ కలిపి ఇవ్వడం కూడా ఉంది.

మాత్ర మొదలెట్టే ముందు, మొదలెట్టిన నెలకి, సంచిలో ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడాలి. స్ఫింక్టర్ లేనివాడికి మూత్రం బిగుసుకుపోతే గబుక్కున గొట్టం వేసేస్తారు, ఉన్నవాడికి ఆ గొట్టమే ప్రమాదం. రాత్రి మూత్రం తగ్గడానికి డెస్మోప్రెసిన్ అని ఒకటుంది, పెద్దవాళ్లలో సోడియం పడిపోయి ఆసుపత్రి పాలవుతారు, రక్తపరీక్షలు చేస్తూ డాక్టరు ఇస్తే తప్ప ఎవరో చెప్పారని కొనకండి.

మాత్రలకి లొంగకపోతే

బోటాక్స్ ఇంజెక్షన్ పేరు వినే ఉంటారు. సిస్టోస్కోప్‌తో లోపలికి వెళ్లి సంచి గోడలో కొన్ని చోట్ల పొడుస్తారు, ఈ జబ్బుకి మామూలుగా 100 యూనిట్లు. ఆరు నెలల చిల్లర పని చేసి, తగ్గితే మళ్లీ వేయించుకోవాలి. బాగా పని చేస్తుంది. కానీ కొందరికి కొన్ని వారాలు మూత్రం పూర్తిగా రాక, తమంతట తాము సన్న గొట్టం వేసుకుని ఖాళీ చేసుకోవాల్సి వస్తుంది. కఫ్ ఉన్న మనిషి రోజుకి నాలుగుసార్లు కఫ్ తెరుచుకుని అందులోంచి గొట్టం పోనివ్వడం అంటే ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. అసాధ్యం కాదు, అలా చేసుకునేవాళ్లున్నారు, కానీ ఇంజెక్షన్‌కి ముందే "బిగుసుకుపోతే ఏం చేస్తాం?" అని డాక్టరుతో తేల్చుకుని, గొట్టం వేసుకోవడం నేర్చుకుని ఉండాలి.

చీలమండ దగ్గర సన్న సూది పెట్టి నరానికి మెల్లగా కరెంటు ఇచ్చే చికిత్స ఇంకొకటి. వారానికోసారి అరగంట, పన్నెండు వారాలు. మూత్రనాళాన్ని ముట్టుకోదు, కాబట్టి మన కేసులకి నచ్చే పద్ధతి. అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో పన్నెండు వారాలు తిరగడమే కష్టం. నడుం కింద నరం దగ్గర తీగ పెట్టి చిన్న బ్యాటరీ అమర్చే పద్ధతీ ఉంది. ముందు కొన్నాళ్లు బయటి బ్యాటరీతో ట్రయల్ చేసి, ఇబ్బంది సగానికైనా తగ్గితేనే పూర్తిగా పెడతారు. అదీ ఇంకో ఇంప్లాంటే, ఖర్చు బాగా ఎక్కువ.

జేబులో కార్డు, ఇంట్లో అందరికీ ట్రైనింగు

రెండేళ్ల కిందట నాన్నకి డెంగీ జ్వరం వచ్చి దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. రాత్రి పదకొండింటికి యూరిన్ లెక్క కావాలని డ్యూటీలో ఉన్నతను పదహారో నంబరు కాథెటర్, అంటే మూత్రం గొట్టం (నంబరు పెరిగేకొద్దీ లావు) పట్టుకుని వచ్చాడు. నాన్న మగతలో ఉన్నారు. నేను టీ తాగడానికి కిందికి వెళ్లి ఉంటే ఆ రాత్రే కఫ్ మూసి ఉండగా దాంట్లోంచి తోసేసేవాడు, అతని తప్పు కూడా కాదు, పైకి ఏమీ కనపడదు కదా. యూరాలజిస్టుకి ఫోన్ చేస్తే ఆయన చెప్పింది ఇది: లెక్క కోసమైతే బయట తొడిగే కండోమ్ కాథెటర్ చాలు. లోపలికి వేయక తప్పదంటే ముందు కఫ్ తెరిచి లాక్ చేయాలి, పన్నెండు, మహా అయితే పద్నాలుగో నంబరు గొట్టమే వాడాలి, ఒకటి రెండు రోజులు మించి ఉంచకూడదు, ఇంకా కావాలంటే పొత్తికడుపులోంచి వేయించాలి.

మర్నాడే కార్డు చేయించాను. తెలుగులో, ఇంగ్లీషులో: "నాకు కృత్రిమ మూత్ర స్ఫింక్టర్ ఉంది. దాన్ని లాక్ చేయకుండా మూత్రనాళంలోకి గొట్టం గానీ, స్కోపు గానీ పంపకండి. ముందు నా యూరాలజిస్టుకి ఫోన్ చేయండి." కింద పరికరం మోడల్, పెట్టిన తేదీ, ఫోన్ నంబరు. ఒకటి పర్సులో, ఒకటి ఆధార్ కార్డు కవర్లో, ఒక ఫోటో అమ్మ ఫోన్లో. పంపు పక్కన చిన్న బొడిపెలా ఉండే లాక్ ఎలా నొక్కాలో, మళ్లీ ఎలా తెరవాలో ఓపీలో డాక్టరు చేత్తో చూపిస్తే నాన్నతో పాటు నేనూ నేర్చుకున్నాను, సిగ్గు పడితే కుదరదు.

స్లింగ్ వేయించుకున్న ఆడవాళ్లు

ఆపరేషన్ అయిన కొన్ని వారాలు తోపు ఉండి తగ్గిపోవడం జరుగుతుంది. తగ్గకపోతే మొదట చూడాల్సింది పట్టీ బిగుతైందా అని: ధార సన్నబడటం, ముందుకు వంగితే గానీ రాకపోవడం, పోశాక బాగా మిగిలిపోవడం. అలా ఉంటే మాత్రలతో నెలలు గడపకండి, పట్టీ వదులు చేయడమో కత్తిరించడమో చేస్తే తోపు కూడా తగ్గవచ్చు. పట్టీ మూత్రాశయంలోకి పొడుచుకొచ్చిందేమో సిస్టోస్కోపీలో తెలుస్తుంది, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుంటే తప్పక చూపించుకోండి. ఇవేవీ లేకపోతే పైన చెప్పిన అలవాట్లు, మాత్రలే. ముట్లు ఆగినవాళ్లకి యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ తోపుకి, మంటకి ఉపయోగపడుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆ డాక్టర్ని అడిగాకే. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ బాధ చెప్పుకోవడానికే ఏళ్లు తీసుకుంటారు, పెళ్లిళ్లకి రావడం మానేసిన పిన్నిని ఒకసారి పక్కకి పిలిచి అడగండి.

డీజే స్టెంట్ ఉన్నవాళ్లు

మీది వేరే కథ, తేలిక కథ. స్టెంట్ కింది చుట్ట మూత్రాశయంలో తగులుతుంటే మాటిమాటికీ రావడం, మంట, నడిస్తే కాస్త రక్తం, పోసేటప్పుడు నడుంలోకి పోటు, ఇవన్నీ దాని చలవే. టామ్సులోసిన్, దానితో పాటు సోలిఫెనాసిన్ గానీ మిరాబెగ్రాన్ గానీ ఇస్తే చాలామందికి ఓర్చుకునేంత అవుతుంది. జ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పడినా, మూత్రం ఆగినా వెంటనే వెళ్లండి. స్టెంట్ తీయగానే తోపు పోతుంది. అదే ముప్పు కూడా: మందులతో సర్దుకుంది కదా అని తీయించుకోవడం మర్చిపోతారు. మామూలుగా మూడు నెలల్లోపే తీసేయాలి, వదిలేస్తే దాని మీద రాయి పేరుకుని తీయడానికి ఇంకో పెద్ద ఆపరేషన్ అవుతుంది. పెట్టిన రోజే తీసే తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, గోడ మీద క్యాలెండర్లో కూడా చుట్టండి.

స్ఫింక్టర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి చేయించాల్సింది

తోపు తగ్గిపోయినా కిడ్నీల స్కాన్, క్రియాటినిన్ ఏడాదికోసారి తప్పదు. సంచి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉండి, కింద కఫ్ గట్టిగా మూసి ఉంటే ఆ ఒత్తిడి పైకి, కిడ్నీల మీదికి పోతుంది, నొప్పి కూడా తెలీదు. వెన్నుపాము జబ్బులున్నవాళ్లకి, రేడియేషన్ తీసుకున్నవాళ్లకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పరికరం కూడా శాశ్వతం కాదు, ఏడెనిమిదేళ్లకో, పదేళ్లకో చాలామందికి మార్చాల్సి వస్తుంది.

నాన్నకి ఈ మధ్య రాత్రి రెండింటికి ఒక్కసారే మెలకువ వస్తోంది. డాక్టరుగారు మిరాబెగ్రాన్ ఆపి చూద్దామా అన్నారు. నాన్న ఒప్పుకోలేదు, దసరా అయ్యాక చూద్దాం అన్నారు, ఊరంతా తిరగాలట.